మామయ్య చెయ్యి పడని బల్బు

నా కారుకు కొత్తగా వేసిన హెడ్‌లైటు బల్బులు మూడోసారి కూడా మాడిపోయిన రోజున మామగారు తీర్పు చెప్పేశారు. బండి ముసలిదైపోయిందట, దానికి ఎన్ని బల్బులు వేసినా దండగేనట, వచ్చే వారం పాత కార్లు కొనే మనిషి వస్తాడు కాబట్టి ఇచ్చి పంపేయాలట. ఇదంతా నాతో చెప్పలేదు. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, వడ్డిస్తున్న అత్తయ్యతో చెప్పారు. కారు కొన్నది నేను, నడిపేది నేను, దాని కాగితాల మీద పేరు నాది. మాట మాత్రం నా నెత్తి మీదుగా ఎగిరి అత్తయ్య గరిటె మీద వాలింది.

నేను నర్సుని. ఆస్పత్రి ఉద్యోగం వదిలేసి, మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మారుస్తాను, గొట్టాలు మారుస్తాను, సూదులు వేస్తాను. పని ఎక్కువగా సాయంత్రాలే. పగలంతా పనికి పోయిన కొడుకో కూతురో ఇల్లు చేరితే గాని నాకు తలుపు తీసే దిక్కుండదు. వాళ్ళ ఇళ్ళు ఊరి అంచున, వీధి దీపాలు వెలిగితే వెలుగుతాయి లేకపోతే లేదన్నట్టుండే రోడ్ల మీద ఉంటాయి. కారు పోతే నా సాయంత్రాలు పోతాయి. సాయంత్రాలు పోతే పని పోతుంది. అప్పుడు మళ్ళీ ఆస్పత్రికెళ్ళి హెడ్ నర్సు ముందు చేతులు కట్టుకుని నిలబడాలి, లేదంటే మా మిల్లులో కూర్చుని నూనె డబ్బాలకు మూతలు బిగించాలి. మా ఇంట్లో అందరికీ ఆ రెండోదే ఇష్టమని నాకు తెలుసు. పైకి ఎవరూ అనరు, అంతే.

"కారు అమ్మేది లేదు మామయ్యా," అన్నాను.

ఆయన వినిపించనట్టు పెరుగు అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం ముందు నుంచి లేవకూడదని పట్టుదలగా కూర్చుని, ఆకలి చచ్చిపోయినా ఆఖరి మెతుకు దాకా తిని మరీ లేచాను.

మాది నూనె మిల్లు. ముందు మిల్లు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు ఉందన్న మాటే గాని నూనెకు అదొక అడ్డం కాదు. గడియకు నూనె, స్విచ్చికి నూనె, దువ్వెనకు నూనె. పెళ్ళయి వచ్చిన కొత్తలో గ్లాసులు చేతిలోంచి జారిపోతుంటే నాకేదో నరాల జబ్బు పట్టుకుందని హడలిపోయాను. ఇక మామగారి చేతుల సంగతి చెప్పనక్కర్లేదు. ఎంత సబ్బు పెట్టి రుద్దినా ఆయన వేళ్ళ గీతల్లో నూనె ఊరుతూనే ఉంటుంది.

ఆ చెయ్యి మంచిదని మా ఇంట్లో నమ్మకం. ఏ కొత్త వస్తువు గడప దాటి లోపలికొచ్చినా ముందు ఆయన చేతిలో పెట్టాలి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒకసారి ఊది, భుజం మీది తువ్వాలుతో తుడిచి, "ఊఁ" అంటేనే వాడుకోవాలి. కుక్కరైనా, కుట్టు మిషనైనా, పిల్లల బడి సంచీలైనా అంతే. నా బీపీ మిషన్ని కూడా అలాగే ఊది తుడిచిచ్చారు. ఆ రోజు నేను చూసిన మొదటి పేషెంటు, తన చొక్కా చేతికి నూనె మరక ఎలా అంటిందో తెలియక చాలాసేపు తల గోక్కున్నాడు. ఆయన చెయ్యి పడిన మోటారు ఆగదని, ఆయన చెయ్యి పడిన గడియారం తప్పు చెప్పదని అత్తయ్య అందరికీ చెబుతుంది. వంటింట్లో గడియారం ఆగిపోయి ఎంతకాలమైందో ఆవిడకే తెలియాలి.

ఇక బల్బుల సంగతి. కారుతో పాటు వచ్చిన పాత బల్బులు నాకు చాలాకాలం వెలిగాయి. అవి పోయాక మగవాళ్ళు రంగంలోకి దిగారు. మొదటిసారి మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, లారీలకు వేసే రకమని చెప్పి పెద్ద వాట్ల బల్బులు తెచ్చారు. రెండోసారి మా ఆయన నీలంగా మెరిసే బల్బులు తెచ్చాడు, చూడ్డానికి షోగ్గా ఉంటాయని. మూడోసారి మెకానిక్కు తన దగ్గరున్నవేవో ఇంటికి తెచ్చి, మామగారు "ఊఁ" అన్నాక పెట్టాడు. ఒక్క జతా నెల తిరిగేదాకా నిలవలేదు. ఇంతమంది మగవాళ్ళు ఎంచిన బల్బులు తప్పయ్యే వీల్లేదు కాబట్టి తప్పంతా కారుదే అని తేల్చారు. నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నిసార్లు కొన్నారు గాని, ఈ కారుకు ఏది కావాలని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు నేనే బల్బుల కొట్టుకు వెళ్ళాను. కొట్టు నడిపే ఆవిడ అట్టపెట్టెల మధ్య కుర్చీ వేసుకుని, ఎవరొచ్చినా లేవకుండా కూర్చుంటుంది. మనిషి కటువు. నేను మాత్రం తేల్చుకోకుండా కదిలేది లేదనుకుని వెళ్ళాను కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది. అన్ని రకాలూ నా కళ్ళ ముందు వెలిగించి చూపించమన్నాను. కొనేదాకా ఎవరికీ చూపించనంది. చూసేదాకా కొననన్నాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, వెనక గిడ్డంగిలో నిలబెట్టిన తన పాత వ్యాను దగ్గరకు తీసుకెళ్ళింది. దాని లైట్లూ నా కారు లైట్ల లాంటివే, వెడల్పు గాజు మూత, లోపల గిన్నెలా వంగిన అద్దం.

పెద్ద వాట్ల బల్బు పెట్టి చూపించనే లేదు. పాత బండి తీగలు అంత కరెంటు మొయ్యవని, హోల్డరు కరిగి కారుతుందని పక్కన పడేసింది. నీలంది పెట్టింది. తెల్లగానే కనిపించింది గాని, గోడ మీద వెలుగు పలచబడిపోయింది. రంగు పూత సగం వెలుగును మింగేస్తుందంది. తరవాత అందరూ ఎగబడి కొంటున్న ఎల్ఈడీ పెట్టింది. గిడ్డంగి మొత్తం భగ్గుమంది. చూసి మురిసిపోబోయాను. గోడ వైపు చూడమంది. పైకప్పు దూలాల దాకా వెలుగే, కింద చక్రాల ముందు మాత్రం చీకటి మడుగులు. ఆ గిన్నె అద్దాన్ని ఒకే చోట వెలిగే సన్న తీగ కోసం చేశారట, వేరే వెలుగు పెడితే ఎక్కడికి పంపాలో దానికి తెలియదట. ఎదురొచ్చే వాడి కళ్ళు పోతాయి, నీకు గుంట కనిపించదు అంది.

చివరికి కారు పుట్టినప్పుడు వేసిన మామూలు పసుపు బల్బే పెట్టింది. గోడ మీద గీత గీసినట్టు, ఆ గీతకు పైన చీకటి, కింద రోడ్డు పరిచినంత మేర వెలుగు. ఫోన్లో మా ఆయనకు చెబితే, లోకమంతా తెల్ల లైట్లు వేసుకుంటుంటే నీకింకా ఆ పసుపు గుడ్డి దీపాలేమిటని నవ్వాడు. లోకం దాని దారి చూసుకుంటుంది, నాకు నా దారి కనిపిస్తే చాలన్నాను. ఒక జత కొనుక్కుని వచ్చేశాను.

ఇంటికి రాగానే మామగారు చెయ్యి చాచారు. అలవాటు కొద్దీ పొట్లం ఇచ్చేశాను. ఒక బల్బు తీసి, గాజు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఊది, తువ్వాలుతో తుడిచారు. ఆ తువ్వాలు పిండితే ఒక దీపం వెలిగించవచ్చు. బావగారు దాన్ని ఎడమ వైపు బిగించారు. ఇంతలో ఒక పేషెంటు ఇంటి నుంచి ఫోను వచ్చింది, కట్టు తడిసి రక్తం కారుతోందని. రెండో బల్బున్న పొట్లం లాక్కుని పరిగెత్తాను. అక్కడ పని ముగించి బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. గ్లౌజులు తీసెయ్యకుండానే బానెట్ ఎత్తి, రబ్బరు మూత లాగి, కుడి వైపు నేనే బిగించాను. ఎవరూ చూపించకుండానే వచ్చేసింది. సూది గుచ్చే చేతికి అదొక పనా.

వారం తిరక్కుండా ఎడమది పోయింది. కుడిది వెలుగుతూనే ఉంది.

ఇంట్లో అందరూ నా వైపు జాలిగా చూడటం మొదలుపెట్టారు. ఆ జాలి నాకు తిట్ల కన్నా ఎక్కువ మంటపెట్టింది. అదే కారు, అదే పొట్లం, ఒకే రోజు పెట్టినవి, ఒకటి చచ్చి ఒకటి బతికిందంటే తప్పు కారుది ఎలా అవుతుంది? ఈ ప్రశ్న నాతో పాటు ఇళ్ళన్నీ తిరిగింది. ఒక సాయంత్రం కాలి పుండుతో మంచం పట్టిన వడ్రంగికి కట్టు మారుస్తున్నాను. గ్లౌజులు వేసుకుని, దూది పొట్లాన్ని అంచులు పట్టి విప్పి, పుండుకు తగిలే వైపు వేలు తగలకుండా పెట్టడం నాకు ఊపిరి తీసినంత అలవాటు. ఆయన అది చూసి నవ్వాడు.

"దేన్నీ ముట్టుకోకుండానే అన్నీ చేసేస్తావే అమ్మాయ్."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. కట్టు పూర్తి చేసి, కారులోకి వచ్చి, సీటు పక్క అర తెరిచాను. మాడిపోయిన బల్బులన్నీ శాంపిల్ సీసాల్లో అక్కడే ఉన్నాయి, ఎప్పటికైనా కొట్టువాళ్ళతో దెబ్బలాటకు పనికొస్తాయని దాచాను. ఒక్కొక్కటే లైటు కింద తిప్పి చూశాను. ప్రతి దాని గాజు మీదా బొటనవేలంత మేర తెల్లగా మసకబారి ఉంది. ఒకదానికైతే ఆ చోటే గాజు పొక్కులా ఉబ్బింది.

తిన్నగా బల్బుల కొట్టుకు పోయి ఆవిడ ముందు పెట్టాను. ఈ బల్బు గాజు నిప్పులా కాలుతుందని, వేలి జిడ్డు అంటిన చోట వేడి పోగై పాడైపోతుందని, అడుగున ఇనుప భాగమే పట్టుకోవాలని చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "అమ్మడం వరకే నా పని, అత్తారింటికి దిగబెట్టి రావడం కాదు," అంది. నాకు కోపం రావాలి గాని నవ్వొచ్చింది. రెండు కొత్త జతలు కొన్నాను.

నేను ఇంటికి చేరేసరికి పాత కార్లు కొనే మనిషి వచ్చేసి ఉన్నాడు. మామగారు, బావగారు, మా ఆయన వరండాలో కూర్చుని అతనితో నా కారు గురించి మాట్లాడుతున్నారు. నేను కారు దిగగానే అతను లేచొచ్చి టైర్లను కాలితో తన్ని చూశాడు. అందరి ముందూ సీసాలు బల్ల మీద పేర్చాను. బల్బులు మాడుతున్నది కారు వల్ల కాదని, నూనె వల్లనని, ఏ చెయ్యి పడితే ఆ బల్బు పోతోందో మీరే చూడండని చెప్పాను.

ఆ మాటకు వరండా మొత్తం బిగుసుకుపోయింది. మామగారి చెయ్యి మంచిది కాదన్న మాట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరి నోటా రాలేదు. అత్తయ్య తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మా ఆయన నా వైపు కళ్ళతోనే చేతులు జోడించాడు, ఇక చాలని. నాకు చాలలేదు. వెనక్కి తగ్గితే ఈ ఇంట్లో నా మాటకు మళ్ళీ ఎప్పటికీ విలువ ఉండదని తెలుసు.

మామగారు అరవలేదు. ఈ చేత్తోనే మిల్లు నిలబెట్టానని, ఈ చేత్తోనే మిమ్మల్నందరినీ పోషించానని నెమ్మదిగా అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. నేనూ కాదనలేదు. మిల్లుకు ఆ చెయ్యి కావాలి, బల్బుకు అక్కర్లేదు అన్నాను. అయితే తేల్చుకుందాం అన్నారు ఆయన. ఒకే పొట్లంలోంచి రెండు బల్బులు తీసి, ఎడమది ఆయన తన పద్ధతిలో పెట్టాలి, కుడిది నేను నా పద్ధతిలో పెట్టాలి. నాది ముందు పోతే కారు తాళాలు నేనే తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. ఆయనది ముందు పోతే ఇక ఈ కారు ఊసు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. కొనడానికొచ్చిన మనిషిని సాక్షిగా ఉండమన్నారు. అతను టీ తాగడానికి పిలిచినంత హాయిగా సరేనన్నాడు.

తను పెట్టిన బల్బును నేను చాటుగా ఏమైనా చేస్తానని అనుమానమో ఏమో, మర్నాటి నుంచి సాయంత్రం అయ్యేసరికి మామగారు నా పక్క సీట్లో ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఆయన ఎప్పుడూ నా కారు ఎక్కలేదు. కోడలు నడిపితే మామగారు పక్కన కూర్చోవడమేమిటని. ఇప్పుడు ఎక్కి, బ్రేకు లేని చోట కాలు నొక్కుతూ, నేను గేరు మార్చిన ప్రతిసారీ గొంతు సవరించుకునేవారు. పేషెంట్ల ఇళ్ళల్లో బయట కూర్చోమంటే లోపలికొచ్చి అందరికీ సలహాలిచ్చేవారు. వడ్రంగికి పుండు మీద నూనె రాసుకోమని చెప్పారు. నేను గుడ్లురిమి చూస్తే, "మా నూనె కాదులే," అన్నారు.

ఒకటి మాత్రం గమనించాను. నేను చేతులు కడుక్కోవడం, గ్లౌజులు తొడుక్కోవడం, కట్టు విప్పడం, ఇవన్నీ ఆయన రెప్ప వెయ్యకుండా చూసేవారు. ఒక ఇంట్లో ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, ఈ పిల్ల చెయ్యి పడితే గాని నాకు నిద్ర పట్టదని ఆయనతో చెప్పింది. ఆయన తన చేతులు ఒకసారి చూసుకుని తువ్వాలు కింద పెట్టుకున్నారు. నాకు ఒక్క క్షణం జాలేసింది. కారు తాళాలు గుర్తొచ్చి ఆ జాలిని అక్కడే అదుముకున్నాను.

పందెం ఒక వాన మబ్బు సాయంత్రం తేలింది. వడ్రంగి ఇంటి నుంచి తిరిగొస్తున్నాం. రోడ్డుకు అటూ ఇటూ గోడలు, దీపాల్లేవు, రెండు హెడ్‌లైట్లే దిక్కు. ఒక చిన్న గతుకులో కారు దిగి ఎక్కింది. ఎడమ వైపు వెలుగు ఒకసారి తెల్లగా మెరిసి ఆరిపోయింది. కుడి వైపు రోడ్డు అలాగే పసుపు పచ్చగా పరుచుకుని ఉంది.

నేను కారు పక్కకు తీసి ఆపాను.

"గతుకు," అన్నారు మామగారు.

"గతుకులో నాది కూడా పడింది మామయ్యా."

దిగి, గ్లౌజులు తొడుక్కుని బానెట్ ఎత్తాను. మిగిలిన జత ఇంటి దగ్గర ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క దీపంతోనే, నెమ్మదిగా, గోడ వారగా ఇల్లు చేరాం. దారంతా ఆయన కాలు ఒక్కసారి కూడా బ్రేకు కోసం వెతకలేదు.

ఇంట్లో అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. మామగారు చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుని, ఎప్పటిలాగే అందరికీ వినపడేలా తీర్పు చెప్పారు. కారు ఉండనివ్వమన్నారు. ఇక నుంచి బల్బులు కోడలే వేసుకోవచ్చని, తనకు అభ్యంతరం లేదని, తను ఒప్పుకుంటున్నానని అన్నారు. మా ఆయన హమ్మయ్య అనుకుని నా వైపు నవ్వాడు. ఎంత పెద్ద మనసని బావగారు తలూపారు. నేను కూడా తలూపి ఊరుకుంటే ఆ పూట అందరికీ సుఖంగా గడిచిపోయేది. కాని ఇన్నాళ్ళూ నేను పోట్లాడింది ఆయన ఇస్తే పుచ్చుకోవడానికి కాదు.

"మీరు ఒప్పుకోవాల్సిందేం లేదు మామయ్యా. మీది కాని దాన్ని మీరు ఎలా ఇస్తారు? ఆ కారు మొదటి నుంచీ నాదే."

ఎవరూ ముద్ద ఎత్తలేదు. మామగారు నా వైపు చూశారు. ఈసారి మాట అత్తయ్య గరిటె మీదుగా పోలేదు, సూటిగా ఆయన దగ్గరే ఆగింది. ఆయనకు కోపం వచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎడమ దీపం సంగతి చూసి రావాలి, ఆ కొత్త పొట్లం ఏదీ అని మాత్రం నేను అత్తయ్యను అడిగాను.

ఆవిడ లోపలికెళ్ళి అలమర తెరిచి పొట్లం తెచ్చింది. కొత్త వస్తువు కనిపించగానే మామగారి చెయ్యి తనంతట తనే చాచుకుంది. ఆయన అనుకుని చాచిన చెయ్యి కాదు అది, పాపం, అలవాటు. ఇంటికొచ్చిన ప్రతి కొత్త వస్తువునూ పెళ్ళయిన నాటి నుంచీ తన చేతులతో తెచ్చి ఆ చేతిలోనే పెట్టిన మనిషి, మా అత్తయ్య, ఆ చెయ్యి ముందు ఒక్క క్షణం ఆగింది. పొట్లాన్ని అడుగున పట్టుకుని, ఆ చాచిన చేతిని దాటుకుంటూ వచ్చి, నా చేతిలో పెట్టింది.